తుండుగుడ్డ కింద ధర

అంకమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుందని వ్యాసర్పాడిలో అందరూ అంటారు. ఆ ముక్కు ఇంకో పని కూడా చేస్తుందని మాత్రం ఎవరూ చెప్పరు. మామిడిపండు తొడిమ దగ్గర ఒక్కసారి వాసన చూసిందంటే అది గడ్డిలో మాగిందో, మందు పెట్టి మాగేశారో చెప్పేస్తుంది. సాయంత్రం దాకా ఆగుతుందో, మధ్యాహ్నానికే నీరుగారిపోతుందో అదీ చెప్పేస్తుంది. గంప పైవరస చూసి మోసపోయేవాళ్లు ఊరంతా ఉన్నారు. అంకమ్మ గంప అడుగుకు చెయ్యి పోనిచ్చి ఒక పండు తీసి, అటూ ఇటూ తిప్పి, మళ్లీ ఉన్నచోటే పెట్టి "ఈ గంప వద్దు" అంటుంది. ఎందుకు వద్దని అడిగితే అడిగినవాళ్లకే చీవాట్లు.

పదహారేళ్ల వయసులో గూడూరు పక్క నుంచి కుప్పుసామికి పెళ్లామై మద్రాసు వచ్చింది. వచ్చిన మూడోరోజే అత్త ఆమె నెత్తిన గంప పెట్టింది. అత్తది పండ్ల గంప, ఆ అత్త అత్తదీ పండ్ల గంపేనట. పండు చూడడం అత్తే నేర్పింది. వేలితో నొక్కి చూసేవాళ్లంటే ఆ ముసలమ్మకు ఒళ్లు మంట. "నొక్కితే పండు చెడతాదే, కొనేవాడు నొక్కాడా, నువ్వు నొక్కావా అని ఎవురూ అడగరు, నష్టం నీకే" అనేది.

అలా ఏడాది పొడవునా గంప నిండుతూ ఉండేది. సంక్రాంతి వచ్చే తై నెలలో రేగుపండ్లు. ఎండలు ముదిరితే తాటిముంజలు, వాటి వెంటే మామిడి. మామిడిలో ముందు బంగినపల్లి, తరవాత రసాలు, రుమానీ, చిట్టచివర నీలం. ఆషాఢంతో వచ్చే ఆడి నెలలో నేరేడు, వీధిలో అరవంలో అరిచేసరికి అదే నావాపళం. చవితికి వెలగపండు. వానలు పడితే సీతాఫలం, జామ. ఈ మధ్య కాగితం చుట్టుకుని ఆపిల్ అని ఒకటి వచ్చి కూర్చుంది. జ్వరం వచ్చినవాళ్ల మంచం పక్కన తప్ప దానికి ఎక్కడా పని లేదని అంకమ్మ అభిప్రాయం. దాన్ని తన గంపలోకి రానివ్వలేదు. మన నేలలో పుట్టి మన ఎండకు మాగే పండ్లు ఇన్ని ఉండగా, చలిదేశం నుంచి మొహానికి మైనం పూసుకుని వచ్చినదానికి అంత మర్యాదేమిటని ఆమె కోపం.

అయితే నేను చెప్పబోయే కోపం అది కాదు. అది మద్రాసు పండ్ల మార్కెట్టు కోయంబేడుకు తరలిపోవడానికి ముందు ఏడాది, రోళ్లు పగిలే కత్తిరి ఎండల్లో వచ్చిన కోపం.

అప్పట్లో కొత్వాలుచావడి దగ్గర ఒక ఇరుకు సందులో భక్తవత్సలం శెట్టి టోకు పండ్ల మండీ ఉండేది. తెల్లవారుజామున లారీలు దిగేవి. ఆ మండీలో ధర నోటితో చెప్పరు. కొనేవాడు చెయ్యి చాపుతాడు, శెట్టి ఆ చెయ్యి పట్టుకుంటాడు, రెండు చేతుల మీదా తుండుగుడ్డ కప్పుతారు. చెయ్యంతా కలిపి పట్టుకుంటే వంద. ఆపైన ఒక్కో వేలికి పది. కణుపు దగ్గర నొక్కితే అయిదు. పైకి చూస్తే ఇద్దరూ పెళ్లిచూపుల్లో కూర్చున్నంత పెద్దమనుషుల్లా ఉంటారు, గుడ్డ కింద మాత్రం వేళ్లు పెనుగులాడుతుంటాయి. ఒకడికి గంప నూట ఇరవై పడుతుంది, పక్కనే నిలబడ్డవాడికి నూట యాభై. ఎవడికెంత పడిందో ఎవడికీ తెలియదు. దానికి వ్యాపార మర్యాద అని పేరు పెట్టుకున్నారు.

ఈ మర్యాదలో ఆడవాళ్లకు చోటు లేదు. పరాయి మగాడి చేతిలో ఆడది చెయ్యి పెట్టకూడదు గదా! చెయ్యి పెట్టకపోతే ధర తెలియదు, ధర తెలియకపోతే కొనలేదు. ఎండలో పది వీధులు గంప మోయవచ్చు, మగాళ్లందరి ఇళ్ల ముందూ నిలబడి గొంతు చించుకుని అరవవచ్చు, ఒక్క బేరం మాత్రం ఆడకూడదు. అందుకని గంప మోసే ప్రతి ఆడదానికీ బేరం ఆడే మగాడొకడు కావాలి. అత్తకు మామ ఉండేవాడు. అంకమ్మకు కుప్పుసామి ఉండేవాడు. గంప ఎంచేది అంకమ్మ, ఎంతవరకు పోవచ్చో చెప్పేది అంకమ్మ, ఆయన కాళ్ల దగ్గర కూర్చుని పంచె పట్టి లాగితే ఇంకో వేలు, లాగకపోతే చాలు. కుప్పుసామి మంచివాడు. "నా పెండ్లాం తలకాయి, నా చెయ్యి" అని నవ్వేవాడు.

ఆ ఎండలకు రెండేళ్ల ముందు ఆయన కామెర్లతో పోయాడు. పదహారోనాడు అంకమ్మ మండీకి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఇంట్లో కూతురు కలైసెల్వి పదో తరగతి చదువుతోంది. గంప ఎత్తకపోతే పొయ్యి వెలగదు. శెట్టి ఆమె మొహం చూడకుండా యతిరాజులు వైపు చెయ్యి చూపించాడు. మగదిక్కు లేని ఆడవాళ్లకు బేరం చేసిపెట్టే దళారి యతిరాజులు. అప్పటికే అయిదుగురు ఆడవాళ్లు అతని చేతి మీద బతుకుతున్నారు, అంకమ్మ ఆరోది అయింది. గంపకు ఇంతని కూలీ, పైగా తనకు నచ్చిన పండు రెండు. అదీ చాలక బోణీ వేళకు ఎదురుపడకూడదని అంకమ్మనూ ఆ అయిదుగురితో పాటు గేటు దగ్గరే కూర్చోబెట్టారు. మొగుడు పోయింది తనకు. అపశకునం వీళ్లకట! ఎద్దు పుండు కాకికి ముద్దా అని ఊరికే అనలేదు.

రెండు సీజన్లు ఓర్చుకుంది. ఆ ఏడు బంగినపల్లి దిగిన మొదటి వారంలో ఇక ఓర్చుకోలేక లేచి శెట్టి ముందుకు వెళ్లింది.

"శెట్టిగారా, నా బేరం నేనే ఆడుకుంటా. నాకు వేళ్ల లెక్కంతా తెలుసు."

శెట్టి కళ్లద్దాలు సర్దుకున్నాడు. "ఏందమ్మా నువ్వు చెప్పేది?"

"చెయ్యి నేనే పెడతా అంటా ఉండా."

 యతిరాజులే ముందు నోరు విప్పాడు. "ఏమ్మే అంకమ్మా, మొగోడి చెయ్యి పట్టుకోవాలని అంత ఆశగా ఉండాదా నీకు? కుప్పుసామి పోయి రెండేండ్లే గదా!"

నవ్వారు. కాటా దగ్గరివాడు నవ్వాడు, మూట దించేవాడు నవ్వాడు, పెరంబూరు నుంచి వచ్చే పండ్ల కొట్టాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వాడు. శెట్టి నవ్వలేదు గానీ నవ్వేవాళ్లను ఆపనూ లేదు. అంకమ్మ మొహం మీద ఎవరో చెప్పుతో కొట్టినట్టయింది. ఇంటికి వచ్చి బిందెడు నీళ్లు నెత్తిన కుమ్మరించుకున్నా ఆ నవ్వు పోలేదు. తన చెయ్యి కుప్పుసామి చెయ్యి కడిగిన చెయ్యి, కామెర్లలో పసుపు తిరిగిన ఆ వేళ్లకు గంజి తాగించిన చెయ్యి. దాని గురించా ఆ మాట!

"అమ్మా, నువ్వు వేరే మండీకి పోరాదా?" అంది కలైసెల్వి.

"ఆడ మాత్రం గుడ్డ లేదా? అన్ని మండీల్లోనూ అదే గుడ్డే."

మూడు వారాల తరవాత రసాలు దిగాయి. ఆ రోజు లారీలు ఎక్కువై గేటు ముందంతా గంపలు పేర్చేశారు. అంకమ్మకు కూర్చునే చోటు లేక లోపలికి వచ్చి కాటా పక్కన చతికిలబడింది, మిగతా అయిదుగురూ ఆమె వెనకే. ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో శెట్టి, యతిరాజులు నిలబడి ఉన్నారు. యతిరాజులు చెయ్యి చాపాడు. శెట్టి తుండు కప్పాడు.

కప్పింది పైనుంచి గదా!

నిలబడ్డవాళ్ల కళ్ల నుంచి దాచుకోవడానికి ఎవరో తాతలనాడు కనిపెట్టిన ఏర్పాటు అది. కింద కూర్చున్నవాళ్లకు అంతా కనిపిస్తుందని ఆ తాతలకు తట్టలేదు, మనవలకూ తట్టలేదు. తట్టకపోవడానికి కారణం వేరే ఏమీ కాదు. నేల మీద కూర్చునేది ఆడవాళ్లు. వాళ్లకు కళ్లుంటాయని, ఉన్నా అర్థమవుతుందని ఎవరనుకున్నారు? పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడడం లేదనుకుంటుందట. కుప్పుసామి కాళ్ల దగ్గర కూర్చుని అంకమ్మ ఇరవై ఏళ్లు చూసింది ఆ వేళ్లనే. గేటు దగ్గరికి తోసేసిన రెండేళ్లే చూడలేదు.

శెట్టి చెయ్యంతా పట్టుకున్నాడు. వంద. రెండు వేళ్లు పట్టుకుని వదిలేశాడు. నూట ఇరవై. యతిరాజులు తల ఊపి, ఆడవాళ్ల వైపు తిరిగి నిట్టూర్చాడు.

"నూట నలభై అమ్మా. అంతకు దిగలా. శెట్టి కాళ్లు పట్టుకున్నంత పని చేసినా."

చెల్లమ్మ అనే తమిళావిడ కొంగుముడి విప్పబోయింది. ఆరుగురిలో అందరికన్నా లేనిది ఆమె.

"ముడి ఇప్పొద్దు చెల్లమ్మా," అంది అంకమ్మ. "రెండు వేళ్లే పట్టుకున్నాడు. నూట ఇరవై."

యతిరాజులు మొహం తేలు కుట్టిన దొంగ మొహమైంది. "ఏం మాట్లాడతా ఉండావు? నువ్వు జూసినావా?"

"ఈడ కూర్చుంటే కనపడతాది అన్నా. కావాలంటే నువ్వు కూర్చోని చూడు." లేవకుండానే గొంతు పెంచింది. "రెండు సీజన్లుగా గంపకు ఇరవై తిన్నావు. కూలీ తీసుకున్నావు, పండ్లు తీసుకున్నావు, మా బిడ్డల నోటి కాడిది కూడా తీసుకున్నావు. పైన నన్నే ఆశ అన్నావు!"

ఈలోగా పెరంబూరు కొట్టాయన, ఏమీ విననట్టు, శెట్టికి చెయ్యి అందించాడు. అలవాటు చెడ్డది. శెట్టి తుండు కప్పాడు.

"పెరంబూరాయనకు మూడు వేళ్లు, ఒక కణుపు! నూట ముప్పై అయిదు!" అంది అంకమ్మ మండీ అంతా వినబడేలా.

కొట్టాయన చెయ్యి లాక్కున్నాడు. వెనక వరసలోంచి ఒక గొంతు లేచింది. "ఆయనకు నూట ముప్పై అయిదా? నాకు నూట యాభైకి గదా ఇచ్చినావు శెట్టీ?" ఇంకో గొంతు, ఇంకో గొంతు. దాచుకున్న మర్యాదంతా అయిదు నిమిషాల్లో బజార్న పడింది. నవ్విన నోళ్లన్నీ ఇప్పుడు ఒకదాన్నొకటి కరుచుకుంటున్నాయి.

శెట్టి తెలివైనవాడు. గోల మధ్యలోంచి అంకమ్మ దగ్గరికి వచ్చి, ఎన్నడూ లేనంత మెత్తగా అన్నాడు. "లెయ్యమ్మా. నువ్వడిగింది ఏంది? చెయ్యి పెడతా అన్నావు గదా. పెట్టు."

రెండేళ్లుగా కావాలనుకున్నది అదే. అంకమ్మ లేచి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, చాపింది. తుండు పడింది. శెట్టి చెయ్యి చెమటతో జిడ్డుగా ఉంది. చెయ్యంతా పట్టుకుని ఒక్క వేలు కూడా ముట్టుకోకుండా వదిలేశాడు. వంద. తరవాత ఆమెకు మాత్రమే వినబడేలా అన్నాడు. "నీకు మాత్రమే. సీజనంతా. నోరు మూసుకోని పోవాల."

వంద అంటే ఏమిటో అంకమ్మకు తెలియకపోలేదు. కలైసెల్వి పుస్తకాలు వచ్చేస్తాయి, వానాకాలానికి ముందు ఇంటికప్పు కూడా మార్చుకోవచ్చు. నిజంగానే ఒక్క క్షణం ఆగింది. పక్కన చెల్లమ్మ సగం విప్పిన కొంగుముడి పట్టుకుని తనవైపే చూస్తోంది. ఇదా గుడ్డ కింద ఉండేది, అనుకుంది అంకమ్మ. ఇన్నేళ్లు నన్ను దూరంగా పెట్టింది ఇందుకా! తనను లోపలికి పిలిచింది కూడా అయిదుగురిని బయట ఉంచడానికే. 

చెయ్యి లాక్కుంది. తుండు కింద పడింది.

"నోరు మూసుకుంటే నాకు వందంట! చెల్లమ్మా, ఇన్నావా? ఇస్తే అందరికీ వంద. లేకుంటే నాకూ వద్దు!"

ఆ పూట శెట్టి ఆమెను గేటు బయటికి పంపించేశాడు. మర్నాడు మండీలో తుండు స్థానంలో పంచె వచ్చింది. నాలుగు మూరల పంచె, రెండు చేతుల మీంచి నేల దాకా వేలాడుతూ! ఇంతమంది పెద్దమనుషులు ఆ పంచె పట్టుకుని సందులో నిలబడితే చూసేవాళ్లకు నవ్వు రావాలి. అంకమ్మకు నవ్వు రాలేదు. సిగ్గుపడి నిజం చెప్పడం కన్నా పెద్ద గుడ్డ తెచ్చుకోవడమే వీళ్లకు తేలికయింది. ఆడవాళ్లు గేటు బయటే ఉండాలని, యతిరాజులు చెప్పిందే ధర అని కబురు పంపారు.

ఆరుగురూ గేటు బయట కూర్చున్నారు. గంప ఎత్తలేదు.

"అక్కా, ఇంట్లో అన్నం ఒండ్ల," అంది చెల్లమ్మ మెల్లగా. వాళ్లింట్లో నాలుగు నోళ్లు. "ఎన్నాళ్లక్కా ఇట్ల?"

"రసాలు ఎన్నాళ్లు ఆగుతాయో అన్నాళ్లు," అంది అంకమ్మ.

అది ఆమెకు తెలిసినంత బాగా ఆ సందులో ఇంకెవరికీ తెలియదు. గట్టి పండ్లు కొట్లవాళ్లు తీసుకుంటారు. మాగిన రసం మాత్రం ఆ రోజే అమ్ముడుపోవాలి. దాన్ని కొట్లో పెట్టుకునే మొనగాడు లేడు. ఎండలో వీధి వీధి తిప్పి, ఇంటి గడపకు చేర్చి, పిల్లల చేతిలో పెట్టేది గంప ఆడవాళ్లే. ఆ ఆరుగురు, వాళ్లను చూసి పక్క మండీల నుంచి వచ్చి కూర్చున్న ఇంకో ఏడెనిమిది మంది. ఆ పూట అంకమ్మ అందరినీ లేపి తొండియార్‌పేట తీసుకెళ్లింది. పొన్నేరి వైపు నుంచి తాటిముంజలు దిగేది అక్కడ. గెల ఎంత అంటే, తాటిచెట్లెక్కే గీతగాడు నోటితో ఇంత అన్నాడు, వీళ్లు నోటితో ఇంత అన్నారు, ఇచ్చాడు. సాయంత్రానికి ముంజలు అమ్మి అందరూ అన్నం వండుకున్నారు. లాభం తక్కువే. రెండోరోజూ అంతే.

రెండోరోజు యతిరాజులు రాయబారం వచ్చాడు. "నోరు మంచిదైతే ఊరు మంచిది అంకమ్మా. శెట్టి మంచోడు, నువ్వు కొంచెం తగ్గితే..."

"నా నోటికేం అన్నా? నీ చెయ్యే మంచిది కాదు. పో."

మూడోరోజు తెల్లవారేసరికి సందంతా రసాల వాసన. తియ్యదనం దాటి పులుపు తిరిగిన వాసన. గంపల అడుగు నుంచి రసం కారి రాళ్ల మధ్య పారుతోంది, ఈగలు ముసిరాయి. కోడూరు నుంచి వచ్చిన తోట రైతు శేషాద్రి గంపల మధ్య నిలబడి తల పట్టుకున్నాడు. ఆయన పండ్లు అలా కుళ్లుతుంటే అంకమ్మ ప్రాణం గిలగిలలాడింది. ఏ పాపమూ చెయ్యని పండు. ఒక్క మాటకు, ఒక్క గుడ్డకు, వీధి పిల్లల నోటికి అందకుండా నేలపాలైంది. వెళ్లి ఎత్తేసుకుందామా అని చేతులు పీకాయి. పిడికిళ్లు బిగించుకుని కూర్చుంది.

శేషాద్రి శెట్టితో ఏమన్నాడో గానీ, శెట్టి గుమ్మం దాటి బయటికి వచ్చాడు. మండీలోని మగాళ్లందరూ వెనకే వచ్చారు. శెట్టి ఒకసారి గొంతు సవరించుకున్నాడు. మళ్లీ సవరించుకున్నాడు. ముప్పై ఏళ్ల వ్యాపారంలో ధర నోట పలకడం అదే మొదలు.

"రసాలు," అన్నాడు. "ఈ పొద్దు దిగినవి. గంప... నూట పది. అందరికీ."

అంతే. ఆకాశం ఊడి పడలేదు. ఏ మగాడి మీసమూ రాలలేదు. సందులో ఎద్దుబండి ఒకటి గంట మోగించుకుంటూ పోయింది. చెల్లమ్మ అంకమ్మ భుజం పట్టుకుని "అక్కా, చొన్నాన్! చెప్పేసినాడు అక్కా!" అని ఊపేసింది.

అంకమ్మకు సంతోషం కలగాలి. కలగలేదు. ఈ మూడు రోజుల్లో ఎప్పుడూ రానంత కోపం అప్పుడొచ్చింది. కళ్ల వెంట నీళ్లు కూడా వచ్చేశాయి.

"ఇంతేనా?" అంది. "ఇంతేనా శెట్టిగారా? ఈ ఒక్క ముక్కకేనా? మా అత్త నలభై ఏండ్లు మొగుడి చేతికోసం కాసుకోని కూర్చునింది. ఆయనకు ఒళ్లు బాగలేని దినం ఇంట్లో పస్తు, చెయ్యి లేదని. నా మొగుడు పోయిన పదహారోనాడు ఈ గుమ్మంలో నేను ఏడస్తా నిలబడితే, ఈ ముక్క నోటితో చెప్పి గంప ఇచ్చుంటే మీ సొమ్మేం పోయుండేది? చెయ్యి లేదని తరిమితిరి గదా, మీకు నోరు ఉండాది గదా! ఇన్నాళ్లూ ఏం చేస్తా ఉండింది అది?"

ఎవరూ నవ్వలేదు. శెట్టి నేల చూస్తూ నిలబడ్డాడు. 

అంకమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "తొంభై," అంది.

శెట్టి చెయ్యి అలవాటు చొప్పున భుజం మీది తుండు మీదికి పోయింది.

"నోటితో చెప్పండి," అంది అంకమ్మ.